నాగమ్మ చేతికి కంట్రోలర్ ఇస్తే

విలన్ మీద సానుభూతి పుట్టించడానికి గేమ్ రైటర్ల దగ్గర ఒక సులువైన చిట్కా ఉంటుంది. చిన్నప్పుడు వాడి ఇల్లు తగలబడింది, తల్లి పోయింది, అందుకే ఇప్పుడు ఊళ్లు తగలబెడుతున్నాడు. మూడు నిమిషాల కట్‌సీన్, వెనక వయొలిన్, అంతే. నాకిది ఎప్పుడూ అతకదు. జాలిపడటం వేరు, వాడి స్థానంలో నిలబడి చూడటం వేరు. పల్నాడు వాణ్ణి కాబట్టి ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు నాయకురాలు నాగమ్మే గుర్తొస్తుంది.

బ్రహ్మనాయుడి తండ్రి దొడ్డనాయుడు కూడా మంత్రే. నాగమ్మకు అలాంటి వెనకదన్ను లేదు. కథ ప్రకారం ఆమె జిట్టగామాలపాడులో ఉండే వితంతువు. వేటకొచ్చి ఆకలితో ఉన్న నలగామరాజు పరివారానికి అన్నం పెట్టి, ఆ రాజు ఇచ్చిన మాట పట్టుకుని గురజాలలో మంత్రి అయింది. వంశం లేదు, కొడుకు లేడు. ఆ ఒక్క మనిషి మనసు మారితే అంతా పోతుంది. పాత్ర రాయడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా ఆమెను మనం ఎప్పుడూ ఎదుటి గట్టు మీద నుంచే చూస్తాం. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. (ఐదు లెవెల్స్ అని నేను సరదాగా అంటుంటాను.) వీరవిద్యావంతులు పాడేది పడిపోయిన వీరుల కోసం, వాళ్లు మాచర్ల పక్షాన ఉండటం న్యాయమే. సినిమాకి ఆ మొక్కుబడి లేదు కదా. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మకు ఎంత ఠీవి ఇచ్చారో! ఠీవి చూస్తే భయం, గౌరవం కలుగుతాయి గానీ ఆమె లెక్కలు మాత్రం మనకు అందవు. ఈ మధ్య ఆమెను తొలి మహిళా మంత్రిగా పొగిడే రాతలు ఎక్కువయ్యాయి. వాటిలో విషం సంగతి చల్లగా మాయమైపోతుంది. ఇదీ తప్పించుకోవడమే.

ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 (2020) దగ్గర నేర్చుకోవాల్సింది ఇక్కడే. (ఆడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) జోయెల్‌ని చంపిన అబ్బీని సగం ఆట మనమే నడపాలి. మనం ఎల్లీగా చంపిన కుక్కనే అబ్బీగా ముద్దుచేయిస్తారు చూడండి, అది చవకబారు ఎత్తు. కానీ థియేటర్లో అబ్బీగా ఎల్లీతో తలపడే ఘట్టం ఉంది. అప్పటిదాకా మన వేళ్ల కింద ఉన్న నేర్పంతా చీకట్లోంచి మన మీదకే వస్తుంది. అక్కడ అబ్బీ గతం గురించి ఒక్క మాట చెప్పరు. ఎల్లీ ఎంత ప్రమాదమో చేతులకి తెలుస్తుంది, అంతే.

పల్నాటి కథలో అలాంటి ఘట్టం అలరాజు రాయబారం. కోడిపందెం ఓడి అడవులకు వెళ్లినవాళ్ల గడువు తీరింది. మా రాజ్యభాగం మాకివ్వమని అలరాజు వస్తాడు. అతను నలగామరాజుకి సొంత అల్లుడు. మాచర్ల తిరిగి ఇచ్చేస్తే తన కుర్చీ ఎన్నాళ్లుంటుందో నాగమ్మకు తెలుసు. రాజు అల్లుడి మాట వినే అవకాశమూ ఉంది. కథలో ఆమె విషం పెట్టిస్తుంది. నేను గేమ్ చేస్తే ఆ బటన్ ప్లేయర్ చేతే నొక్కిస్తాను. అంతకుముందు రెండు గంటలు సభలో ఆమెగా నెగ్గుకురావాలి, రాజు చూపు ఎటు తిరుగుతోందో కనిపెడుతూ ఉండాలి. ఆ తర్వాత అలరాజు భార్య పేరిందేవి మరణమూ చూడాలి. ఆమె ఆ రాజు కూతురే. స్కిప్ ఆప్షన్ ఉండదు.

ఒక్కటి మాత్రం చేయకూడదు. నాగమ్మ మీద సానుభూతి కోసం బ్రహ్మనాయుణ్ణి దుర్మార్గుణ్ణి చేయడం. మనవాళ్లు మొదట చేసేది అదే. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినవాడు, మాలవాడైన కన్నమదాసుని కొడుకులా చూసుకున్నవాడు ఆమెకు ప్రత్యర్థి. అతను మంచివాడని నాగమ్మకీ తెలిసుండాలి, ఆ పంక్తిని ఆమె ఒకసారి కోట బురుజు మీద నుంచి చూసి ఉండాలి. అక్కడ డైలాగ్ అక్కర్లేదు. కెమెరా ఆమె భుజం వెనక ఉంటే చాలు.