ఏడో గడిలో ఏం రాయాలి?

మంగళవారం ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులతో మాట్లాడమంటే వెళ్ళాను. సభ ముగిసి టీ తాగుతుంటే ఒకమ్మాయి దగ్గరికొచ్చి, "సార్, ఏడో గడిలో ఏం రాయాలి?" అంటూ చేతిలో ఉన్న ఫారం చూపించింది. సినాప్సిస్‌తో పాటు ఇవ్వాల్సిన ఫారం అది. ఈ ఏడాది నుంచి అన్ని శాఖలకూ అదే ఫారమట. ఏడో గడి 'పరికల్పన'. ఎనిమిది 'నమూనా పరిమాణం'. తొమ్మిది 'గణాంక విధానం'. పది 'ఆశించే ఫలితం'.

ఆ అమ్మాయి అనంతపురం జిల్లాలో గొర్రెల కాపరుల మాటలు పోగుచేస్తోంది. రాత్రిపూట చేలో మంద పెట్టేటప్పుడు వాడే మాటలు, జబ్బుల పేర్లు, మేత పేర్లు, తప్పిపోయిన పిల్లను పిలిచే పిలుపులు. రెండు వేసవులు మందల వెంట తిరిగింది. ఏడో గడిలో పెన్సిల్‌తో రాసుకున్న వాక్యం చదివాను: 'గొర్రెల కాపరులకు గొర్రెలకు సంబంధించిన పదాలు ఇతరుల కంటే ఎక్కువ తెలిసి ఉంటాయి.' ఇది రుజువు చేయడానికి ఎవరూ ఎండలో తిరగక్కర్లేదు. ఆ సంగతి అందరికంటే ముందు ఆ అమ్మాయికే తెలుసు. కానీ గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వస్తుందట. "ఆలోచించి చెప్తానమ్మా" అని వచ్చేశాను. దారంతా కోపంగానే ఉంది.

ఈ కాలమ్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు నా పాత పట్టుదల తెలుసు. పరిశోధన అంతా ఒకటే, పనిముట్లే వేరు అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తెలుగు చదివేవాళ్ళకు లెక్కలు రావాలని, రసాయనశాస్త్రం చదివేవాళ్ళు శాసనం చూసి భయపడకూడదని, సైన్సుకూ సాహిత్యానికీ మధ్య గోడ కట్టినవాళ్ళు రెంటికీ చెరుపు చేశారని రాశాను. ఆ మాటే మళ్ళీ గట్టిగా చెబుదామని ఈ వారం కూర్చున్నాను. అందుకు నా దగ్గర చిన్నప్పటి నుంచి దాచుకున్న ఉదాహరణ ఒకటి ఉంది. మా అవ్వ వాళ్ళ ఊరి బూదిదిబ్బ.

కల్యాణదుర్గం వైపు ఉండేది ఆ ఊరు. ఊరి బయట మిద్దె ఎత్తున బూడిద రంగు దిబ్బ. గడ్డి మొలిచేది కాదు. తవ్వితే మెత్తని బూడిద, మధ్య మధ్యలో కరిగి గడ్డకట్టిన గాజులాంటి పెళ్ళలు. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ పెళ్ళలు జేబుల్లో నింపుకుని వచ్చేవాణ్ణి. "రాక్షసుణ్ణి కాల్చిన బూది నాయనా అది, ఇంట్లోకి తేవద్దు" అనేది అవ్వ. హంపి దగ్గరైతే అలాంటి దిబ్బనే చూపించి వాలిని దహనం చేసిన చోటంటారు. రైతులు మాత్రం ఆ రాక్షసుడి బూడిదనే బండ్లకెత్తుకుని చేలకు తోలుకునేవాళ్ళు. మంచి ఎరువు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ దిబ్బలో సగం లేదు. ఇప్పుడు ఆ చోట దిబ్బ ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

బళ్ళారి, రాయచూరు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1840ల్లోనే వీటి గురించి రాశాడు. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా ఎవరి ఊహ వాళ్ళది. కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం అన్నారు, ఇంకొందరు బలులిచ్చి కాల్చిన చోట్లన్నారు. భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒక్కడు పశువుల పేడ కాలిన బూడిద అన్నాడు. అంత పేడ ఎక్కడిది, గాజులా ఎందుకు కరిగింది అని చాలామంది ఒప్పుకోలేదు.

1957లో పురావస్తువేత్త రేమండ్ ఆల్చిన్ కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో, మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక దిబ్బను తవ్వాడు. పొరపొరకూ కిందికి దిగితే చుట్టూ వరసగా గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. పాత కొట్టపు నేల మీద పశువుల గిట్టల అచ్చులు కూడా. తడి పేడలో ఎద్దు కాలు దిగబడితే పడే అచ్చు, నాలుగు వేల ఏళ్ళు దాటినా అలాగే ఉంది. దొడ్డి కాలింది, మళ్ళీ కట్టారు, మళ్ళీ కాలింది. ఇంచుమించు అదే కాలంలో లండన్‌లో ఫ్రెడరిక్ జోయినర్ ఆ బూడిదను సూక్ష్మదర్శిని కింద, రసాయన పరీక్షలతో చూశాడు. పశువు తిన్న గడ్డిలోని ఇసుక పదార్థం పేడలో మిగిలిపోతుంది. మంట బాగా వేడెక్కితే అది క్షారాలతో కలిసి కరిగి గాజవుతుంది. నా జేబులో పెట్టుకున్న పెళ్ళలు అవే. ఫుట్ చెప్పిందే నిజమైంది.

ఇంత పేడ పోగుపడనిచ్చి ఎందుకు కాల్చారు? దీని జవాబు కోసం ఆల్చిన్ పండగల వైపు చూశాడు. హోలీ మంటలు, మన సంక్రాంతి మంటలు, పశువులను మంట మీదుగా తోలే ఊళ్ళ ఆచారాలు. ఏడాదిలో ఒక తిథికి పాత దొడ్డిని తగలబెట్టి కొత్త కాలం మొదలుపెట్టే అలవాటు ఆ కాపరులదేమోనన్నాడు. 1963లో పుస్తకం వేశాడు.

ఈ కథ నేను సభల్లో పదిసార్లయినా చెప్పి ఉంటాను. చూశారా, భూగర్భశాస్త్రం, రసాయనం, పురావస్తువు, జానపదం అన్నీ ఒక దిబ్బ దగ్గర ఒకటయ్యాయి అని ముగించేవాణ్ణి. ఈసారి ఫారం పక్కన పెట్టుకుని రాస్తుంటే ఆ ముగింపు దగ్గర కలం ఆగింది. ఒకటి కాలేదు. అసలు ఒకటి కానందువల్లే తేలింది.

జోయినర్ చెప్పిన జవాబును ఎవరైనా మళ్ళీ పరీక్షించవచ్చు. బూడిద తెచ్చి, పేడ తెచ్చి, కాల్చి చూడవచ్చు. అక్కడ నమూనా ఎంత అని అడగడం న్యాయమే. ఉట్నూరు దిబ్బలో ఒకసారి తవ్విన పొర మళ్ళీ తవ్వడానికి ఉండదు. తవ్వేవాడి కన్ను, చేయి, రాసుకున్న నోటు పుస్తకమే సాక్ష్యం. ఇక సంక్రాంతి మంట సంగతి ఈ రెంటికీ అందదు. దాన్ని ఏ సూక్ష్మదర్శినీ చూపించలేదు. ఎంత పొసుగుతోంది, ఇంకెవరైనా ఇంతకంటే పొసిగేలా చెప్పగలరా అని వాదించి తేల్చుకోవాలి. పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు కూడా. ఆల్చిన్‌ను 'హోలీ మంటల నమూనా పరిమాణం ఎంత?' అని అడిగి ఉంటే ఆయన ఆ అధ్యాయం కొట్టేసి ఉండేవాడు. మనకు పేడ మిగిలేది, ఆ పేడ వెనక ఉన్న మనుషులు మిగిలేవాళ్ళు కాదు. ఇదే ఆల్చిన్ తులసీదాసు కవితావళిని, వినయపత్రికను ఇంగ్లీషులోకి అనువదించాడు. ఉట్నూరులో మట్టి పొరలు చదివిన కన్నూ, తులసీదాసు మాట బరువు తూచిన చెవీ ఒకే మనిషివి. ఆయన దేని పద్ధతి దానికి ఉంచాడు.

మనవాళ్ళ మాటే తీసుకోండి. యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని నీలం రంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అక్కడ అంకె తేడా వస్తే పనంతా వ్యర్థం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో తెచ్చినప్పుడు రుజువు చేయడానికి పరికల్పన ఏదీ అక్కర్లేకపోయింది. కర్రునూ మేడినీ కాడినీ ఏ ఊళ్ళో ఏమంటారో తప్పులేకుండా రాయడమే ఫలితం. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలతో ఏళ్ళ తరబడి మెలిగి వాళ్ళ భాష నేర్చారు. మన్యంలో మలేరియా పట్టి, క్వినైన్ వాడకంతో చెవులు పోగొట్టుకున్నారు. 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చయింది. ఆయన ఎనిమిదో గడిలో ఏ అంకె రాయాలి?

అందుకే ఈ వారం నా పాత వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పరిశోధన ఒకటి కాదు, చాలా. పనిముట్లే కాదు, నిజం అంటే ఏమిటో, అది తేలిందని ఎప్పుడు అనవచ్చో కూడా ఒక్కో చదువుకు ఒక్కోలా ఉంటుంది. అన్నీ ఒకటే అని నాలాంటివాళ్ళం ఏళ్ళ తరబడి చెప్పిన మాటే ఎవరి చేతిలోనో ఒకే ఫారం అయి కూర్చుంది. గోడలు కూలగొట్టమన్నాను. కూలగొట్టాక ఆ స్థలంలో ఎవరి కొలబద్ద పాతుతారో నేను ఆలోచించలేదు. ఒకరి పని ఒకరికి తెలియాలనే మాట మీద ఇప్పటికీ ఉన్నాను. పురావస్తువు చదివేవాడికి రసాయనం తెలియాలి, రసాయనవేత్త ఊరి పండగ చూడాలి. అంతవరకే.

గురువారం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఏడో గడిలో పెన్సిల్ వాక్యం చెరిపెయ్యమన్నాను. 'ఈ పనికి పరికల్పన లేదు, అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి' అని రాసి, ఆ ప్రశ్నలు వేరే కాగితం మీద జత చెయ్యమన్నాను. "వెనక్కి పంపితే సార్?" అంది. పంపితే గైడ్ గారు, నేను కలిసి వచ్చి అడుగుతామని చెప్పాను.

ఆ ఫారం తయారుచేసిన కమిటీ వచ్చే నెల మళ్ళీ కూర్చుంటుందట. అందులో ఈ కాలమ్ చదివేవాళ్ళున్నారని నాకు తెలుసు. అయ్యా, అమ్మా, ఏడు నుంచి పది దాకా ఉన్న గడులను తీసెయ్యమని అడగడం లేదు. ఏ గడి తమ పనికి చెల్లుతుందో, ఏది చెల్లదో ఆయా శాఖలనే రాయనివ్వండి. ఆ అమ్మాయి పోగుచేసే మాటలు తెలిసిన కాపరులు చాలావరకు డెబ్బై దాటినవాళ్ళు. ఫారం ఒకసారి వెనక్కి వస్తే ఆమెకు ఒక వేసవి పోతుంది.