ఎనభయ్యా, వందా?

మా అన్నయ్య కొడుకు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉద్యోగం చేస్తాడు. డైవింగ్ నేర్చింది మాత్రం అండమాన్‌లో, హేవ్‌లాక్ దీవిలో. ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్ అయింది గానీ, నీళ్ళలోకి దిగేవాళ్ళ నోట్లో ఇంకా హేవ్‌లాకే ఆడుతోంది. సెలవు దొరికితే చాలు, వాడు మాంటెరే తీరానికి కారు తోలుకుపోతాడు. ప్రతిసారీ దుకాణం తెరిచేదాకా కాచుకుని అద్దె ట్యాంకు తెచ్చుకోవడం విసుగెత్తి, మొన్న ఫోన్ చేశాడు.

"బాబాయ్, అల్యూమినియం ఎనభై కొననా, స్టీలు వంద కొననా? వందలో ఇరవై ఎక్కువ కదా!"

"ఇరవై కాదురా, ఇరవై రెండున్నర," అన్నాను. పేచీ అక్కడ మొదలైంది.

ఎనభై అని పేరు పెట్టుకున్న ట్యాంకులో ఎనభై ఘనపుటడుగుల గాలి పట్టదు. 207 బార్ల పీడనానికి, అంటే వాడి గేజీలో 3,000 పీఎస్‌ఐకి నింపితే 77.4 పడుతుంది. మన లెక్కలో సుమారు 2,190 లీటర్లు. స్టీలు వందలో నిజంగానే వంద పడుతుంది, 2,830 లీటర్లు. కాకపోతే 237 బార్ల దాకా నింపితేనే. కంప్రెసర్ దగ్గరున్నవాడు బద్ధకించి 207 దగ్గర ఆపేశాడా, ఆ వంద తొంభై దరిదాపుల్లో చతికిలబడుతుంది. ఐరోపావాళ్ళ పద్ధతి వేరు. ట్యాంకులో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో అదే దాని పేరు: పది లీటర్లది, పన్నెండు లీటర్లది, పదిహేను లీటర్లది. మన పాత కొలతల్లో చెప్పాలంటే, వాళ్ళు కుంచం ఎంతదో చెబుతారు. అమెరికావాళ్ళు కుంచం మీద శిగ వేసి కొలిస్తే ఎన్ని గింజలు వస్తాయో చెబుతారు. శిగ ఎంత ఎత్తున నిలుస్తుందో కొలిచేవాడి చేతిలో ఉంది. అందుకే నాకు లీటర్ల పేరే నచ్చుతుంది. ఆ లెక్కన మన ఎనభై 11.1 లీటర్లది, వంద సుమారు 12.9 లీటర్లది. ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రెండూ వినిపించినంత దూరపు చుట్టాలు కావు.

సరే, ఎక్కువున్న ఆ గాలి ఎందుకు పనికొస్తుంది? ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. మావాడు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. కొత్తవాళ్ళలో అది మామూలే. 18 మీటర్ల లోతులో పీడనం 2.8 రెట్లు, కాబట్టి నిమిషానికి 56 లీటర్లు ఖర్చు. 50 బార్లు ముట్టకుండా మిగిల్చి పైకి రావాలన్న నియమం పాటిస్తే, అల్యూమినియం ఎనభై 29 నిమిషాలు ఇస్తుంది, స్టీలు వంద 39. ఆ లోతులో, పైకి వస్తూ దారిలో తప్పనిసరిగా ఆగే డీకంప్రెషన్ అవసరం పడకుండా ఉండగలిగే గడువు, వినోద డైవర్ల పట్టికలో, 56 నిమిషాలు. అంటే శరీరం ఇంకా ఒప్పుకుంటున్నా ట్యాంకు ఒప్పుకోవడం లేదు. ఇక్కడ వంద కొన్నవాడికి పది నిమిషాలు నికరంగా దక్కాయి.

అదే మనిషిని 30 మీటర్లకు దింపండి. ఖర్చు నిమిషానికి 80 లీటర్లు. ఎనభై 20 నిమిషాలు ఇస్తుంది, వంద 27. పట్టిక ఇచ్చే గడువేమో 20 నిమిషాలే. వంద మోసుకెళ్ళినవాడికి మిగిలే ఏడు నిమిషాల గాలి అక్కడ ఉండిపోవడానికి పనికిరాదు. తోడు వచ్చినవాడి రెగ్యులేటర్ మొరాయిస్తే ఇద్దరూ ఒకే ట్యాంకు పీల్చుకుంటూ పైకి రావడానికి మాత్రం పనికొస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ పెద్ద ట్యాంకు లోతు డైవుల కోసమని దుకాణంలో ఎవరైనా చెబితే, నిర్భయంగా ఖండించవచ్చు. దాని అసలు చోటు మధ్య లోతులే.

ఇంకో మాట. పెరిగే పిల్లాడికి చొక్కా ఒక సైజు పెద్దగా కుట్టించడం మనకు అలవాటు. డైవింగ్‌లో పిల్లాడు పెరగడు, తగ్గుతాడు. ముప్ఫై నలభై డైవులు చేసేసరికి కాళ్ళ తొందర, చేతుల ఈత తగ్గి, 20 లీటర్లు పీల్చేవాడు పదిహేనుకు దిగడం సాధారణమే. ఇవాళ్టి ఆయాసానికి సరిపోయే ట్యాంకు కొంటే రెండేళ్ళకు అది ఒంటిమీద మోత.

మోత అన్నాను గనక బరువు సంగతి తేల్చాలి. నా దృష్టిలో ఈ రెండు ట్యాంకుల మధ్య అసలు తేడా గాలిలో కంటే ఇక్కడే ఉంది. గాలికీ బరువుంది. 2,190 లీటర్లు కుక్కితే 2.7 కిలోల దాకా తూగుతుంది. అల్యూమినియం ఎనభై ఒట్టిది 14.2 కిలోలు. నిండుగా సముద్రంలో వదిలితే అర కిలో పైచిలుకు బరువుతో మునుగుతుంది. పూర్తిగా ఖాళీ అయితే రెండు కిలోల ఊపుతో తేలుతుంది. కారణం లోహంలోనే ఉంది: స్టీలంత బలం లేనిది కాబట్టి అల్యూమినియం గోడను బాగా మందంగా చెయ్యాలి. మందం పెరిగినకొద్దీ ట్యాంకు ఆక్రమించే చోటు పెరుగుతుంది, సాంద్రత చూస్తే 2.7 మాత్రమే. స్టీలుది 7.8. స్టీలు వంద ఒట్టిది 15 కిలోలు; తయారీని బట్టి కొద్దిగా మారినా, నిండుగా నాలుగు కిలోల దాకా మునుగుతుంది, ఖాళీ అయ్యాక కూడా అర కిలో నుంచి కిలో దాకా మునిగే గుణమే.

ఈ తేడా బయటపడేది డైవ్ చివర్లో. జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ట్యాంకులో 50 బార్లే మిగిలాయి. సరిగ్గా అప్పుడే అల్యూమినియం ఎనభై కిలోకు పైగా ఊపుతో వీపును పైకి లాగుతుంది. ఆ చివరి మూడు నిమిషాల కోసం డైవ్ మొదటి నుంచీ నడుముకు సీసం కట్టుకుని తిరగాలి. కాబట్టి గట్టు మీద తూకం వేసేటప్పుడు ఆ సీసాన్ని అల్యూమినియం పళ్ళెంలోనే వెయ్యాలి. ట్యాంకు 14.2, గాలి 2.7, స్టీలుతో పోలిస్తే అదనంగా కట్టుకోవాల్సిన వెయిట్లు మరో 2.7: మొత్తం 19.6 కిలోలు. స్టీలు పక్క ట్యాంకు 15, గాలి 3.4: మొత్తం 18.4. మూడో వంతుకు దగ్గరగా ఎక్కువ గాలి ఉన్న ట్యాంకు మొత్తం మీద కిలో తేలిక! దుకాణంలో రెండు ట్యాంకులనూ చేత్తో లేపి చూసి "అల్యూమినియమే నయం" అనేవాళ్ళు ఈ లెక్క చూడరు.

మాంటెరే నీళ్ళు 10 నుంచి 14 డిగ్రీల చల్లదనం. ఏడు మిల్లీమీటర్ల వెట్‌సూట్, దానికొక టోపీ, చేతులకు తొడుగులు. ఈ రబ్బరంతా తేలాలని చూస్తుంది కాబట్టి ఎనిమిది పది కిలోల సీసం కట్టుకోవడం అక్కడ వింత కాదు. పైగా శాన్ కార్లోస్ బీచి లాంటి చోట్ల పడవ ఉండదు, కారు దగ్గరి నుంచి ఇసుక మీదుగా నడిచే దిగాలి. అలాంటి మనిషికి రెండున్నర కిలోల సీసం విప్పి పక్కన పెట్టగలగడం వరం. మావాడికి స్టీలు తీసుకోమని చెప్పింది ఇందుకే.

ఇదే తీర్పును విశాఖ రుషికొండకో హేవ్‌లాక్‌కో మోసుకొస్తే తప్పవుతుంది. వెచ్చటి నీళ్ళు, మూడు మిల్లీమీటర్ల పల్చని సూటు, ఒక్కోసారి అదీ ఉండదు. సన్నటి మనిషికి అల్యూమినియం ఎనభైతో రెండు కిలోల సీసం చాలు. వాడి వీపున స్టీలు వంద పెడితే సీసం పూర్తిగా తీసేసినా డైవ్ మొదట్లో బరువే. ఆపదలో బరువు వదిలేసి తేలాలంటే వదలడానికి నడుముకు ఏమీ ఉండదు; తేలడానికి తొడుక్కునే బీసీడీ జాకెట్‌లో గాలి నిలవకపోతే ఈదుకుంటూ పైకి రావాల్సిందే. ఉష్ణ సముద్రాల్లో అద్దె ట్యాంకులు ఎక్కువగా అల్యూమినియం ఎనభైలే కావడానికి చవక ఒక కారణం, స్టీలుకు సుమారు సగం ధర. ఈ బరువు సంగతి రెండోది. అడుగు చదునుగా ఉండి పడవలో తనంతట నిలబడుతుంది కూడా. స్టీలు అడుగు గుండ్రన. నిలబెట్టాలంటే కింద రబ్బరు బూటు తొడగాలి, ఆ బూటులో ఉప్పునీరు దాక్కుని తుప్పు రేపుతుంది.

"అయితే వైజాగ్ వచ్చినప్పుడు ఈ స్టీలుది తెచ్చుకోకూడదా?" అని అడిగాడు. కూడదు. మన దేశంలో ఇలాంటి సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాల కిందికి వస్తాయి. నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో అనుమతి లేకుండా దిగుమతి చెయ్యడం కుదరదు. మనవైపు అద్దే తెలివైన పని.

పాతది కొంటే? స్టీలుకు లోపలా బయటా తుప్పు చూసుకోవాలి. అల్యూమినియానికి పుట్టిన ఏడు చూడాలి. 1988కి ముందు చేసిన వాటిలో చాలా ట్యాంకులు 6351 అనే మిశ్రమ లోహానివి. ఆ రకంలో మెడ దగ్గర పగుళ్ళు వచ్చిన చరిత్ర ఉంది. వాటిని నింపడానికి చాలా దుకాణాలు ఒప్పుకోవు. తర్వాతి 6061 మిశ్రమానికి ఆ జబ్బు లేదు. చవగ్గా దొరికిందని ముసలి ట్యాంకు కొన్నవాడు చివరికి దాన్ని పెరట్లో పూలకుండీ పక్కన నిలబెట్టుకోవాలి. అమెరికాలో ఏ ట్యాంకుకైనా అయిదేళ్ళకోసారి నీటి పీడన పరీక్ష తప్పదు.

మా కోడలి మాట మిగిలింది. ఆమె అయిదడుగులకు కాస్త పైన. అల్యూమినియం ఎనభై పొడవు 66 సెంటీమీటర్లు. కిందికి కడితే పిరుదులకు, పైకి కడితే తల వెనక్కి తగులుతుంది. స్టీలు వంద కూడా 61. "నాకూ వందే కొంటానంటున్నారు మావయ్యా, మోయలేను," అంది. స్టీలులోనే ఎనభై ఉంది, చాలా పొట్టిది, సుమారు 10 లీటర్లది. ఆమె పీల్చేది నిమిషానికి 13 లీటర్లే. 18 మీటర్ల దగ్గర ఆ చిన్న ట్యాంకు ఆమెకు 48 నిమిషాలు వస్తుంది. మావాడి వంద 39కే అయిపోతుంది. జంటగా దిగినవాళ్ళలో ఎవరి గాలి ముందు తగ్గితే ఇద్దరూ అప్పుడే పైకి రావాలి.

"అంటే నేను అల్యూమినియం కొనుక్కుంటే తను కూడా 29 నిమిషాలకే వచ్చెయ్యాలా?" అన్నాడు వాడు, కొంచెం ఆలస్యంగా.

"ఆ లెక్క నేను ముందే వేశాను," అంది కోడలు వెనకనుంచి.