చెవులపిల్లి చెప్పిన కథ

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ‘ఏమిటి కొరుకుతున్నావు’ అని అడిగాడట. తెలుగువాళ్లు తరతరాలుగా నవ్వుకుంటున్న ముచ్చట ఇది. బడిలోనైతే ఇంత పొడుగు సామెత కూడా అక్కర్లేదు. కళ్లజోడు పెట్టుకున్నవాడు సోడాబుడ్డి, ఒళ్లున్నవాడు బండోడు, పిలిస్తే పలకనివాడు చెవిటి మేళం. శంఖం కథని ఆ చెవిటివాడే చెబితే ఎలా ఉంటుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఈ కాలమ్ రాసే మనిషికీ రాలేదు. ఆమధ్య ఆయన పిల్లల కోసం ఓ సాహస కథ మొదలుపెట్టాడు. నత్తి ఉన్న కుర్రాడు, వాణ్ని ఏడిపించే ముగ్గురు, చివర్లో చెరువుగట్టు మీద వీరోచిత ఘట్టం. హాస్యం పండాలని ‘మ..మ..మాస్టారూ’ అంటూ పేజీ నిండా చుక్కలు చల్లాడు. పక్కింటి పిల్లల్ని కూర్చోబెట్టి చదివితే పడీ పడీ నవ్వారు. తీరా చెరువుగట్టు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక్కరూ లేరు. పెరట్లో ఒకళ్లనొకళ్లు ‘మ..మ..’ అని పిలుచుకుంటూ పరుగులు పెడుతున్నారు. ఆ కుర్రాణ్ని ఏడిపించేవాళ్లు కథలో ముగ్గురే అనుకున్నాడాయన. లెక్క తప్పింది, నలుగురు.

ఆ దెబ్బకి ఆయన మళ్లీ తెరిచిన పుస్తకం ‘ఎల్ డెఫో’. అమెరికన్ రచయిత్రి, చిత్రకారిణి సీసీ బెల్ తన చిన్నతనాన్నే బొమ్మల కథగా గీసి 2014లో అచ్చువేయించింది. నాలుగేళ్ల వయసులో మెదడు పొరలు వాచే జబ్బు, మెనింజైటిస్, వచ్చి ఆమెకి వినికిడి పోయింది. బడికి వెళ్లేటప్పుడు ఫోనిక్ ఇయర్ అనే యంత్రాన్ని గుండెల మీద కట్టుకునేది. అందులోంచి రెండు తీగలు చెవుల్లోకి వెళ్లేవి. టీచరు మెడలో మైకు. పాఠం సూటిగా పిల్ల చెవిలో పడాలని ఆ ఏర్పాటు.

అయితే టీచరు గది దాటేటప్పుడు మైకు తియ్యడం మర్చిపోయేది. పిల్లకి స్టాఫ్ రూములో కబుర్లూ వినపడేవి, టాయిలెట్టులో నీళ్ల చప్పుడూ వినపడేది. బడి మొత్తంలో ఆ భాగ్యం ఇంకెవరికీ లేదు. అక్కడ పుట్టింది హాస్యం. చెవులు వినపడని పిల్లే ఎవరూ విననివి వింటోంది!

పేరు సంగతి ఇంకా ముచ్చటైనది. టీవీ కార్యక్రమంలో ఓ పిల్లవాడు వినికిడి లేని పిల్లని ‘డెఫో’ అని వెక్కిరిస్తాడు. మన భాషలో చెవిటిదానా అన్నట్టు. సీసీ ఆ తిట్టునే పట్టుకుని, ముందు ‘ఎల్’ తగిలించి, తన ఊహల్లోని సూపర్‌హీరోకి పెట్టేసుకుంది. ఎదుటివాడు విసిరిన రాయిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడమంటే ఇదే. ఇక ఆమె మీద విసరడానికి ఎవరి దగ్గరా రాయి లేదు.

పుస్తకంలో మనుషులందరికీ కుందేటి చెవులుంటాయి. కొన్ని ఊళ్లలో కుందేలుని చెవులపిల్లి అంటారు కదా, ఆ పేరు ఈ పుస్తకానికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. అందరి చెవులూ నిక్కబొడుచుకుని ఉన్న లోకంలో పనిచెయ్యని చెవులున్న చెవులపిల్లి తనొక్కతే. యంత్రం బ్యాటరీ తగ్గేకొద్దీ మాటల బుడగల్లో అక్షరాలు పలచబడి, చివరికి ఖాళీ బుడగలు మిగులుతాయి. చదివేవాడికి ఆ క్షణాన ఏమీ వినపడదు. ఇప్పుడు చెవిటివాడు పాఠకుడే.

ఇందులో కరుడుగట్టిన దుర్మార్గులెవరూ లేరు. పెత్తనం చేసే స్నేహితురాలు ఒకతి. జిన్నీ అనే ఇంకో పిల్ల ఎంతో ప్రేమగా, ఒక్కొక్క మాటనీ సాగదీసి గట్టిగా అరుస్తుంది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునేవాళ్లకి అలా సాగదీస్తే ఉన్నది కూడా అర్థం కాదు. వెక్కిరింతకి తిరగబడొచ్చు, జాలికి ఎలా తిరగబడాలి? పిల్లల కథలు రాసేవాళ్లు ఈ మూలకి సాధారణంగా రారు. ఈ పుస్తకానికి 2015లో న్యూబెరీ ఆనర్, ఐస్నర్ పురస్కారాలు రెండూ వచ్చాయి.

నిజంగా చెయ్యి చేసుకునే రౌడీ పిల్లలు కావాలంటే ఇంకో బొమ్మల కథల రచయిత డేవ్ పిల్కీ దగ్గరికి వెళ్లాలి. కుదురులేదని బడిలో ఈయన బల్లని వరండాలో వేసేవారు. చదువులో డిస్లెక్సియా ఒకటి. రెండో తరగతిలో టీచరు నోట అండర్‌వేర్ అన్న మాట వచ్చి పిల్లలు గొల్లుమన్నారట. వరండాలో కూర్చుని ఆయన గీసిన వీరుడే కెప్టెన్ అండర్‌ప్యాంట్స్. టీచరు ఆ కాగితాలు చింపేసిన సంగతీ ఆయనే చెప్పుకున్నాడు. 1997లో ఆ వీరుడు పుస్తకమై వచ్చాడు. 2012 నాటి తొమ్మిదో భాగంలో ప్రిన్సిపాల్ మేనల్లుడు కిప్పర్ క్రప్ తన ముఠాతో చిన్నపిల్లల్ని పీడిస్తుంటాడు.  కథానాయకుల్లో ఒకడైన చిన్నారి జార్జ్ వరసగా అల్లరి పన్నాగాలు పన్ని వాళ్లకి వాళ్లే హడలిపోయేలా చేస్తాడు.

మాటలు పడే పిల్లల చేతికే కథ అప్పగించే ఈ కిటుకు తెలుగులో కొత్తదేం కాదు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగుని 1950ల్లోనే తన కథ తానే చెప్పుకోనిచ్చాడు, బాపు బొమ్మకట్టాడు. అల్లరి పిల్లాడని పెద్దలు వాణ్ని ఏమన్నా సరే, పుస్తకంలో నవ్వు మాత్రం పెద్దల మీదికే మళ్లుతుంది. కథ వాడి చేతిలో ఉంది మరి. తర్వాత మన సినిమాల్లో నత్తివాడు, లావాటివాడు, నల్లటివాడు హాస్యానికి సరుకైపోయారు. వాళ్లకంటూ గొంతు ఉండదు, జోకు పేలగానే పక్కకి తప్పుకోవాలి.

కాలమ్ రాసే మనిషి చుక్కలన్నీ కొట్టేశాడు. ఇప్పుడు కథ చెప్పేది కుర్రాడే. వాడు నోరు తెరిచే లోపు తట్టిన మూడు జవాబులూ పేజీ మీద ఉన్నాయి, వాటిలో ఏది పైకి చెప్పాలా అని తూకం వేస్తుంటాడు. ఏడిపించేవాళ్లకి ఒక్క జవాబైనా తట్టదు. చెరువుగట్టు ఘట్టం రెండో పేజీకి జరిగింది. వచ్చే ఆదివారం పక్కింటి పిల్లలు మళ్లీ వస్తారు. పెరటి తలుపు గడియ పెట్టాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు.