అక్షరాన్ని నొక్కితే ఊరి పేరే మారింది

ఈ ఏడాది మా కబడ్డీ జట్టు జెర్సీల మీద ఊరి పేరు తెలుగులో ఉండాలని నేనే పట్టుబట్టాను. జట్టులో అందరికీ యూట్యూబ్ పాత లోగో అక్షరాలంటే ఇష్టం. అవి సన్నగా, పొడుగ్గా, భుజం భుజం ఆనించుకొని నిలబడ్డట్టు ఉంటాయి. "మనకూ అట్లాంటి తెలుగు అక్షరాలు కావాలి" అన్నారు. వెతికే పని నాకు అప్పగించారు.

నాకు సరైనది దొరకలేదు. చివరికి జెర్సీలు అచ్చువేసే అన్న ఒక మామూలు తెలుగు ఫాంటులో 'చంద్రపూర్' అని కొట్టి, పక్కల నుంచి నొక్కి సన్నగా చేశాడు. తెర మీద బాగానే అనిపించింది, నేనే సరే అన్నాను. జెర్సీ ఇంటికి తెస్తే మా బాపమ్మ చూసి, "ఇదేమూరు బిడ్డా, చందపూరా?" అని అడిగింది. ద కింది ర వత్తు పక్క గీతల్లో కలిసిపోయింది. బాపమ్మకు తెలుగు తప్ప వేరే చదవడం రాదు. ఈ ఊళ్లో ఆమె చదవగలిగే బోర్డులే తక్కువ. ఆమెకు అర్థం కావాలని రాయించిన ఒక్క పేరునూ మేం పాడు చేశాం.

అప్పుడు ఆ లోగోను మళ్లీ చూశాను. అందులోని అక్షరాల పేరు ఆల్టర్నేట్ గోతిక్. అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో వాటిని రూపొందించాడు. గీతల చివర కొసలు ఉండవు. తక్కువ చోటులో పెద్ద శీర్షిక పట్టించడానికి ఇట్లాంటివి బాగా పనికొస్తాయి. లీగ్ గోతిక్ అనే ఉచిత ఫాంటు వాటి నుంచే వచ్చింది. ఆస్వాల్డ్, ఆంటన్, బెబాస్ న్యూ కూడా ఆ పోలికలోనే ఉంటాయి. ఇంగ్లీషులో ఒక లోగో నచ్చితే దానిలాంటివి నాలుగు దొరుకుతాయన్నమాట.

అయితే బెంటన్ వెడల్పు అక్షరాన్ని తెచ్చి నొక్కలేదు. మొదటి నుంచీ ఇరుకుగానే గీశాడు. నొక్కితే నిలువు గీతలు పలచబడతాయి, అడ్డగీతలు మాత్రం లావుగానే మిగులుతాయి. ఆ లోగోలో మనకు నచ్చింది సన్నదనం ఒక్కటే కాదు, గీతలన్నీ ఒకే బలంతో ఉండడం. నొక్కినప్పుడు ముందుగా పోయేది ఆ బలమే.

తెలుగుకు ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ప, వ మధ్య తేడా తలకట్టు దగ్గరి చిన్న ఖాళీలోనే ఉంది. అది మూసుకుపోతే 'పలక' కాస్తా 'వలక' అవుతుంది. రెండోది వత్తులు. ఇంగ్లీషు పెద్దక్షరాలు దాదాపు అన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి. మన రాష్ట్రం పేరు తెలుగులో రాసి చూడండి: 'మహారాష్ట్ర'. ష కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు. వాటికి కింద చోటు ఇవ్వకుండా పైకి సాగదీస్తే ఎట్లా?

మరి దారి లేదా? రామభద్ర అనే ఫాంటు చూశాను. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించింది. శీర్షికకు దిట్టంగా ఉంటుంది కానీ ఇరుకు కాదు. తర్వాత అనేక్ తెలుగు దొరికింది. ముంబైలోని ఏక్ టైప్ వాళ్లు 2022లో తెచ్చిన అనేక్ కుటుంబంలో ఇది ఒకటి. ఉచితం. మామూలు వెడల్పు 100 అనుకుంటే 75 దాకా తగ్గించుకోవచ్చు, 125 దాకా పెంచుకోవచ్చు. అక్షరాలను ఆ ఇరుకు కొలతకు కూడా విడిగా సరిచేశారు కాబట్టి గీతల బలం పోదు. 75 వెడల్పులో, అన్నిటికన్నా లావు రకంలో 'చంద్రపూర్' రాశాను. ర వత్తు విడిగా కనబడింది. ఆ కుటుంబంలోనే ఉన్న దేవనాగరిలో అదే పేరు పక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

లోటు కూడా చెప్పాలి. అది యూట్యూబ్ లోగో అంత ఇరుకు కాదు, ఆ బిగువు రాదు. ఆ బిగువుతో, వత్తులు చెడకుండా, ఎవరైనా తెలుగు అక్షరాలు గీస్తే బాగుండును. "మ్యాచ్ చూసేవాళ్లు ఎక్కువమంది మరాఠీవాళ్లే కదా, అందంగా ఉంటే చాలదా?" అని నా దోస్తు అడిగాడు. చాలదు. చదవడానికి రాని అక్షరం బట్ట మీద పువ్వు లాంటిది. పువ్వే కావాలంటే తెలుగెందుకు?

అందుకే మా జట్టులో ఒక మాట అనుకున్నాం. ఏ ఫాంటు ఎంచుకున్నా ముందు కాగితం మీద అచ్చు తీయాలి. తెలుగు మాత్రమే చదివే ఒక్కరికైనా చూపించాలి. మొన్న ఆ కొత్త కాగితం బాపమ్మ చేతిలో పెట్టాను. దూరంగా పట్టుకొని, "చంద్రపూర్" అని ఒక్కసారికే చదివింది. ఆ వెంటనే, "మరి అంగీల మీద ఎప్పుడేస్తరు?" అని అడిగింది.