పూల మధ్య తెల్ల గీత

పువ్వును గీయడం వేరు, చెక్కడం వేరు. నీటి రంగుల్లో ఒక రేక ఎరుపు పక్క రేకలోకి కాస్త జారినా అందంగానే ఉంటుంది. చెక్కలో అలా కుదరదు. ఈ రేక ఎక్కడ ఆగింది, వెనకది ఎక్కడ మొదలైంది అన్నది ఉలి ఆనించకముందే తేల్చుకోవాలి. ఆదివారాలు లినో ముక్కలూ చెక్కలూ ముందేసుకుని కూర్చునే నాకు ముద్దమందారం దగ్గర ఎప్పుడూ ఇదే చిక్కు. అందుకే బ్లాంచ్ లాజెల్ పూల ప్రింట్లు ఎక్కడ కనిపించినా నా కళ్లు ముందు పూల నడుమ సాగే తెల్ల గీత మీదికే పోతాయి.

లాజెల్ (1878–1956) అమెరికాలోని వెస్ట్ వర్జీనియా పల్లెసీమలో పుట్టారు. పారిస్‌లో చదువుకున్నారు. 1915లో మసాచుసెట్స్ తీరాన ప్రావిన్స్‌టౌన్ అనే చేపల రేవుకు చేరారు. యుద్ధంతో యూరప్ దారులు మూసుకుపోయిన కళాకారులు చాలామంది అప్పుడు అక్కడే ఉన్నారు. వాళ్లలో నార్డ్‌ఫెల్ట్ అనే ఆయనకు జపాన్ పద్ధతి మీద ఓపిక నశించింది. ఆ పద్ధతిలో రంగుకో దిమ్మ చెక్కాలి, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట కూర్చోవాలి. ఆయన బొమ్మంతా ఒకే దిమ్మ మీద గీసి, రంగుకూ రంగుకూ నడుమ సన్నని గాడి తీశాడు. గాడికి రంగు అంటదు కాబట్టి అక్కడ కాగితం తెల్లగా మిగిలిపోతుంది.

సంక్రాంతి ముగ్గులో తెల్ల గీతలు ముందు వేసి గళ్లలో రంగులు నింపుతాం. ఇక్కడా చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, ఈ గీతను ఎవరూ వేయలేదు. తీసేసిన చెక్క వదిలిన ఖాళీ అది.

అద్దే తీరు ఇంకా బాగుంటుంది. కాగితాన్ని దిమ్మకు ఒక అంచున పిన్నులతో బిగిస్తారు. ఒక్క రేకకు కుంచెతో నీటి రంగు పూసి, కాగితం దించి, వెనకనుంచి చెంచా వీపుతో రుద్దుతారు. ఎత్తి చూసి, చాలకపోతే మళ్లీ పూస్తారు. తర్వాత ఇంకో రేక. పూల కూజా ఒక్కటి పూర్తయ్యేసరికి కాగితం లెక్కలేనన్ని సార్లు లేచి పడుతుంది. రంగుతోపాటు చెక్క చారలూ దిగుతాయి. కాబట్టి రేక మీద కనిపించే ఈనెల్లో కొన్ని చెట్టువే.

లాజెల్ ఈ పద్ధతిని ప్రావిన్స్‌టౌన్‌లోనే నేర్చుకుని, బతుకంతా వదల్లేదు. రేవు మీద పాత చేపల షెడ్డును స్టూడియోగా మార్చుకుని, చుట్టూ కుండీల్లో పూలు పెంచారు. పెటూనియాలు, ఫ్లాక్స్ పూలు అలాగే ప్రింట్లలోకి వచ్చాయి. 1923లో మళ్లీ పారిస్ వెళ్లి లెజే, గ్లేజ్ అనే చిత్రకారుల దగ్గర క్యూబిజం నేర్చుకున్నారు. వస్తువును పలకలుగా విడదీసి చూసే ఆ చదువుకు, బొమ్మను గళ్లుగా కోసే ఈ దిమ్మ ముందే సిద్ధంగా ఉంది. పూలబొమ్మ అనగానే డ్రాయింగ్ రూమ్ అలంకారమని తోసేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆకారం గురించి ఆమె అంత గట్టి ఆలోచన చేసింది ఆ కూజాల ముందే కదా!

దాదాపు ఆ కాలంలోనే సిడ్నీలో మార్గరెట్ ప్రెస్టన్ (1875–1963) ఇదే చిక్కును ఎదురు దారిలో విప్పారు. బలమైన నల్ల గీతలతో అచ్చు వేసి, లోపల చేత్తో రంగులద్దారు. బాంక్సియా, వారటా లాంటి ఆస్ట్రేలియా పూలు మొండివి, మందమైనవి. నల్ల గీత వాటికి సరిగ్గా సరిపోయింది. ప్రెస్టన్ పూలు కంచె కట్టుకుని నిలబడతాయి. లాజెల్ పూల మధ్య గాలి ఆడుతుంది. నాకు రెండోదే ఇష్టం.

లాజెల్ ఒకే దిమ్మ నుంచి తీసిన రెండు ప్రింట్లు పక్కపక్కన పెడితే ఒక్కలా ఉండవు. రంగులు మారిపోతాయి. ప్రింట్ అంటే అన్ని ప్రతులూ ఒకేలా ఉండాలని పట్టుబట్టే కొనుగోలుదారులకు అది లోపంగా తోచవచ్చు. అదే పూలకూజాను వేరే వెలుగులో మళ్లీ చూడటానికి ఆ దిమ్మ వీలు కల్పించిందని నేను అనుకుంటాను. పైగా దీనికి ప్రెస్ అక్కర్లేదు. ఒక చెక్క, ఒక ఉలి, నీటి రంగులు, చెంచా చాలు. ప్రావిన్స్‌టౌన్‌లో ఈ పద్ధతిని ఇప్పటికీ నేర్పుతున్నారు. మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లోనూ ఒక్క సెమిస్టర్ పిల్లలచేత దీన్ని చేయిస్తే చూడాలని ఉంది. మొదటి పాఠానికి ముద్దమందారం వద్దు, ఒంటిరెక్క మందారంతో మొదలుపెట్టమంటాను.