ఆసు లెక్క

పోచంపల్లి చీర మీది పువ్వు మగ్గం ఎక్కకముందే పుడుతుంది. పేకనూలును ఆసు మీద చుట్టి, గ్రాఫు ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీ బిగించి అద్దకం వేస్తారు. ఇందులో మొదటి పని ఆసు పోయడం. చీర కట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ పని పేరు కూడా తెలియదు. అది నాకు బాధగా ఉంటుంది.

ఆసుకు ఒక పక్కన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస ఉంటాయి. దారం ఒంటి మేకు నుంచి ఎదుటి మేకు దాకా పోయి రావాలి. అనుకున్న చుట్లు పూర్తయ్యాక పక్క మేకుకు జరగాలి. అర్ధచంద్రమే ఎందుకు? ఒంటి మేకు నుంచి అన్నిటికీ దూరం ఒకటే కనుక ప్రతి చుట్టులోనూ దారం పొడవు సమానంగా వస్తుంది. పొడవు మారితే నేతలో పువ్వు చెదిరిపోతుంది. నేతగాళ్ల పనిలో ఇమిడిన జామెట్రీ ఇది.

ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ చెయ్యి ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూసిన చింతకింది మల్లేశం, బడి మధ్యలోనే మానేసినా, ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇలాంటి కదలికను అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటారుకూ నేర్పవచ్చు, పక్కన కంప్యూటర్ అక్కర్లేదు. మామూలు రకం మోటారు ఒక్కో పల్సుకు ఒక అడుగు, అంటే 1.8 డిగ్రీలు తిరుగుతుంది, 200 పల్సులకు ఒక చుట్టు. మేకుకు ఎన్ని చుట్లు, ఎన్ని అడుగులకు పక్క మేకు అన్న రెండు అంకెలను చిన్న మైక్రోకంట్రోలర్‌లో దాచి, రెండు మీటలు పెడితే చాలు. కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంచితే, కరెంటు తిరిగి వచ్చాక మళ్లీ నేర్పే పని ఉండదు.

అయితే ఒక జాగ్రత్త. ఈ మోటారు తానెక్కడ ఉన్నదీ చూసుకోదు, వేసిన అడుగులను నమ్ముకుంటుంది. దారం చిక్కుపడి ఒక అడుగు జారితే, ఆ తర్వాతి లెక్కంతా తప్పే. అందుకే మొదలుపెట్టే చోట ఒక స్విచ్ పెట్టి, ప్రతి చీరకూ ముందు అక్కడికి తెచ్చి సున్నా నుంచి లెక్క మొదలుపెట్టాలి. 

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివే పిల్లలారా, ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మోటారు కొనేముందు ఒక పూట ఆసు పోసే ఇంట్లో కూర్చోండి. ఆసు పోసే ఆడమనిషి చేతిని చూస్తూ చుట్లు మీరే లెక్కపెట్టండి.