గెలుపు సొమ్ముతో కట్టిన మెట్లు

తన గుర్రం రెండో స్థానంలో వచ్చినందుకు లోలోపల సంతోషించే యజమానిని ఎప్పుడైనా చూశారా? 'డెర్బీ స్టాలియన్' అనే జపాన్ వీడియో గేమ్ ఆడేవాళ్లలో అలాంటివాళ్లు ఉంటారు. గెలుపు వాళ్లకు చేదు కాదు. ఈ వారం గెలిస్తే వచ్చే నెల ఎవరి పక్కన పరుగెత్తాలో వాళ్లకు తెలుసు, అంతే. గుర్రాల ఆటలు చాలా ఉన్నాయి, అన్నిట్లోనూ పందెం గెలిస్తే నాణేలు రాలతాయి. ఆ నాణేలకు ఇంత పని చెప్పిన ఆట మాత్రం నాకు ఇంకోటి కనబడలేదు.

దీన్ని తయారుచేసినవాడు హిరోయుకి సోనోబే. అంతకుముందు 1988లో ఆయన ఒక బేస్‌బాల్ ఆట చేశాడు. అందులో బంతి విసిరేది, కొట్టేది ఆడేవాడు కాదు. జట్టును సర్ది, ఎవరిని ఎప్పుడు దింపాలో చెప్పి, కూర్చుని చూడటమే వాడి పని. అదే తీరును గుర్రాలకు తెచ్చి, 1991 డిసెంబరులో ఆస్కీ కంపెనీ ద్వారా నింటెండో ఫ్యామికామ్ మీద మొదటి డెర్బీ స్టాలియన్‌ను విడుదల చేశాడు. ఆ వరుస సూపర్ ఫ్యామికామ్, ప్లేస్టేషన్‌ల మీదుగా సాగి 2020లో స్విచ్ దాకా వచ్చింది. గేటు తెరుచుకున్నాక మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. కళ్లెం జాకీ చేతిలో, గుండె మీ చేతిలో.

ఆట మొదలయ్యేసరికి మీకో చిన్న గుర్రాల క్షేత్రం, ఒక ఆడగుర్రం, కొంచెం డబ్బు ఉంటాయి. మగగుర్రంతో కట్టించడానికి రుసుము ముందే ఇవ్వాలి. పిల్ల పుట్టి, పెరిగి, శిక్షకుడి శాలకు చేరి, మొదటి పందెంలో దిగేదాకా దాని నుంచి పైసా రాదు. ఈలోగా వారాలు గడుస్తుంటాయి, ఖర్చులు అవుతూనే ఉంటాయి. సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు పెట్టుకున్న ఆసామికి ఈ బతుకు విప్పి చెప్పనక్కర్లేదు. నూలు తెచ్చిన నాటి నుంచి గుడ్డకు కూలి చేతికొచ్చే దాకా మధ్యలో కార్మికుడి వారం కూలీ ఆగదు, కరెంటు బిల్లు ఆగదు. సోనోబే ఆటలో యజమాని కూర్చున్నది సరిగ్గా ఆ పీట మీదే. చేతిలో డబ్బు అయిపోతే దివాలా, ఆట ముగిసినట్టే.

అసలు పనితనం పందెం సొమ్ము దగ్గర ఉంది. జపాన్‌లో గుర్రపు పందేల సంస్థ మొదటి అయిదు గుర్రాలకు బహుమతి ఇస్తుంది. మొదటి బహుమతి నూరు అనుకుంటే రెండోది నలభై, మూడోది ఇరవై అయిదు, నాలుగోది పదిహేను, అయిదోది పది. అంటే గెలుపుకు 50 లక్షల యెన్‌లు ఉన్న పందెంలో రెండో గుర్రం 20 లక్షలు, అయిదోది 5 లక్షలు తెస్తుంది. ఇది చేతికొచ్చే డబ్బు పద్దు. దీనికి తోడు ప్రతి గుర్రం పేరు మీదా ఇంకో పద్దు నడుస్తుంది. అది ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు, గుర్రం ఏ మెట్టు మీద నిలబడాలో తేల్చే లెక్క. ఒక్క గెలుపూ లేని గుర్రాలు ఒకచోట పరుగెత్తుతాయి. గెలిచినదాన్ని 1990లలో ముందు 50 లక్షల యెన్‌ల లోపు తరగతికి, తర్వాత 90 లక్షల లోపు తరగతికి, ఇలా పైకి తోసేవారు. ఆ మెట్లన్నీ దాటితే ఏ హద్దూ లేని ఓపెన్ తరగతి. (2019 వేసవి నుంచి ఆ సంస్థ తరగతులకు డబ్బు పేర్లు తీసేసి, ఒక గెలుపు, రెండు గెలుపులు, మూడు గెలుపులు అని పెట్టింది.)

కిటుకు ఇక్కడుంది. మామూలు పందేల్లో ఈ రెండో పద్దులో మొదటి స్థానం మాత్రమే నమోదవుతుంది. రెండో స్థానం డబ్బు తెస్తుంది కానీ గుర్రాన్ని మెట్టు ఎక్కించదు. ఒక మోస్తరు గుర్రం ఉందనుకోండి. గెలిస్తే పై తరగతిలో పడి, అక్కడ ఎప్పుడూ పదో పన్నెండో స్థానంలో వచ్చి, మేత ఖర్చు కూడా రాబట్టలేదు. అదే కింది తరగతిలో రెండు, మూడు స్థానాల్లో వస్తూ ఉంటే క్షేత్రం మొత్తాన్నీ పోషిస్తుంది. మొదట్లో చెప్పిన ఆ యజమాని సంతోషానికి కారణం ఇదే. ఒక్క నియమంతో గెలుపు అనేదే లెక్క వేసుకోవాల్సిన వ్యవహారమైంది.

అయితే ఎప్పుడూ కిందే ఉండిపోదామంటే కుదరదు. టోక్యోలో 2,400 మీటర్ల డెర్బీ ఉంది. 1932 నుంచి జరుగుతోంది. మూడేళ్ల గుర్రాలకు మాత్రమే కాబట్టి ఏ గుర్రానికైనా బతుకులో ఒక్కటే అవకాశం. గేటులో చోటు పద్దెనిమిదింటికే. పోటీకి ఎక్కువ పేర్లు వస్తే, ముందస్తు పందేల్లో చోటు సంపాదించుకున్నవి పోగా, రెండో పద్దులో ఎక్కువ మొత్తం ఉన్న గుర్రాలనే తీసుకుంటారు. నిన్నటిదాకా బరువనిపించిన పద్దే ఇప్పుడు టిక్కెట్టు. ఈ నియమాలు జపాన్ పందేల సంస్థవి. వాటిని ఒక యజమాని కడుపుమంటగా, ఆశగా మలచి చిన్న క్యాసెట్టులో ఇమిడ్చినవాడు సోనోబే.

మరి ఏ గుర్రాన్ని కింద ఆపాలి, దేన్ని పైకి తోయాలి? అక్కడే ఆయన నోరు కట్టేసుకున్నాడు. గుర్రానికి వేగం, దమ్ము, పట్టుదల, కోపం అన్నీ లోపల అంకెలుగా ఉన్నా ఒక్కటీ తెర మీద కనిపించదు. కనిపించేది గుర్రం బరువు, శిక్షకుడి ఒకటి రెండు మాటలు, పందెం ముందు పత్రికల జోస్యగాళ్లు పెట్టే గుర్తులు. వాలు బాట మీద పరుగెత్తించాలా, మట్టి మీదా, తేలిగ్గా వదిలేయాలా, శక్తి అంతా పిండాలా అన్నది మీరే తేల్చాలి. ఒక వారం అతిగా పిండితే కాలి నరం వాచి నెలల తరబడి శాలలోనే పడి ఉంటుంది. సంపాదన సున్నా, మేత మామూలే. సంతలో ఎద్దును కొనేవాడికి ఉన్నంత సమాచారమే ఇచ్చి ఆడమన్న ఈ పిసినారితనం నాకు భలే నచ్చింది. అంకెలు బయటపెట్టి ఉంటే ఇది లెక్కల పుస్తకం అయ్యేది.

సంపాదించిన సొమ్ము మళ్లీ రక్తంలోకి పోతుంది. ఖరీదైన మగగుర్రాన్ని కట్టించవచ్చు, లేదా చవకదాన్నే తెలివిగా వాడుకోవచ్చు. జపాన్ పెంపకందారుల్లో ఒక పాత నమ్మకం ఉంది: ఒకే పూర్వీకుడు ఒక వైపు మూడో తరంలోనూ, ఇంకో వైపు నాలుగో తరంలోనూ ఉంటే పుట్టే పిల్ల అద్భుతంగా ఉంటుందని. మూడో తరం నుంచి 12.5 శాతం, నాలుగో తరం నుంచి 6.25 శాతం, కలిపి 18.75. ఈ ఆట ఆడినవాళ్లకు ఆ అంకె నోటికి వచ్చు. రక్తం దగ్గరయ్యే కొద్దీ పిల్ల బలహీనంగా పుట్టే ప్రమాదమూ ఉంది కాబట్టి, పేదవాడికి ఇచ్చిన దారిలోనూ సోనోబే ఒక ముల్లు పెట్టాడు.

మిగతావాటితో పోలిస్తే తేడా తెలుస్తుంది. స్వీడన్‌లో పుట్టిన 'స్టార్ స్టేబుల్'లో రోజూ పందేలు పరుగెత్తి షిల్లింగులు పోగు చేసుకోవచ్చు. హాయైన ఆట, కానీ ఆ సొమ్ముకు కొనడం తప్ప వేరే పని లేదు. పైగా మంచి గుర్రాలకు అసలు డబ్బు పెట్టి కొనే వేరే నాణేలు కావాలి. 2021లో జపాన్‌లో వచ్చి, 2025లో ప్రపంచమంతా పాకిన 'ఉమా ముసుమే'లో పెద్ద పందెంలో దిగాలంటే తగినంతమంది అభిమానులు ఉండాలి. మెట్లు పాతవే, కొలిచే గిన్నె మారింది. 2017లో తెలంగాణ, 2025లో కేంద్రం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాక, గుర్రాలు, బహుమతి సొమ్ము అనగానే జగిత్యాలలో ఏ తండ్రి అయినా కనుబొమ్మలు ముడిస్తే తప్పుపట్టలేం. డెర్బీ స్టాలియన్ సొమ్ము మాత్రం ఆటలోనే పుట్టి ఆటలోనే ఖర్చవుతుంది.

ఒక్క లోటు చెప్పుకోవాలి. ఇది ఆద్యంతం యజమాని కుర్చీలోంచి చూసిన లోకం. జపాన్‌లో గెలుపు సొమ్ములో యజమానికి 80 శాతం, శిక్షకుడికి 10, జాకీకి 5, గుర్రాన్ని కడిగి మేపే సైసుకు 5. దుబాయ్ మెయ్‌దాన్ మైదానంలో 2011లో విక్తోయిర్ పీసా, 2023లో ఉష్బా టెసోరో అనే జపాన్ గుర్రాలు వరల్డ్ కప్ గెలిచాయి. రెండోసారి పందెం మొత్తం విలువ కోటీ ఇరవై లక్షల డాలర్లు. గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదైన కోరుట్లలో, ఆ సొమ్ములో సైసుకు ముట్టేదెంత అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఆ 5 శాతం మనిషి వైపు నుంచి, అతని నెల జీతం, ఇంటికి పంపాల్సిన డబ్బు పద్దులతో సహా, సోనోబే అంత ఓపికగా ఎవరైనా ఇంకో ఆట అల్లితే ఆడటానికి నేను సిద్ధం.